ఊరు బీడయింది, చేను ఊరయింది

పోయిన వేసవిలో నాన్న మూడు నెలలు అమెరికాలో మా దగ్గర ఉన్నారు. ఒక ఆదివారం ఆయన్ని డెట్రాయిట్‌లో మిషిగన్ సెంట్రల్ స్టేషన్ చూపించడానికి తీసుకెళ్ళాను. 1913లో తెరిచిన స్టేషన్ అది. 1988 జనవరిలో ఆఖరి రైలు వెళ్ళిపోయాక, కిటికీలకు అద్దాలు కూడా లేకుండా ఏళ్ళ తరబడి అలా నిలబడిపోయింది. 2018లో ఫోర్డ్ కంపెనీ కొని, బాగుచేసి, 2024 జూన్‌లో మళ్ళీ తెరిచింది. నాన్న ఆ పెద్ద హాల్లో పైకప్పు కేసి చూస్తూ చాలాసేపు ఉండిపోయారు. ఈ ఊళ్ళో ఒక మంచి సంగతి చూపించగలిగానని నాకు సంతోషం వేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఫ్రీవే ఎక్కకుండా లోపలి వీధుల్లోంచి పోనిచ్చాను. ఒక వీధిలో రెండిళ్ళు, ఆ పక్కన నాలుగిళ్ళు పట్టేంత ఖాళీ, తర్వాత ఒక ఇల్లు, మళ్ళీ ఖాళీ. నడుము ఎత్తు గడ్డి. ఒకచోట మూడు సిమెంటు మెట్లున్నాయి, వాటి వెనక ఇల్లు లేదు. నాన్న జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. "ఇంత నేల బీడు పెట్టేశారేంటమ్మా?" అన్నారు. ఇవి పొలాలు కావు నాన్నా, ఇళ్ళుండేవి అన్నాను.

"మరి ఆ ఇళ్ళల్లోవాళ్ళంతా ఎటు పోయారు?"

ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఉద్యోగాలు పోయాయి, జనం వెళ్ళిపోయారు అని నోటికి అలవాటైన జవాబు చెప్పాను. అరగంట తర్వాత, నగరానికి పడమట మేముండే శివారు ఊరు కాంటన్‌లో మా సబ్‌డివిజన్ (ఇళ్ళ కాలనీ) మలుపు తిరుగుతుంటే ఇంకో ప్రశ్న వేశారు. "ఇక్కడ ఇదివరకు ఏముండేది?" మొక్కజొన్న చేలు అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన మొదటి ప్రశ్నకు నేను చెప్పిన జవాబు తప్పు. సరైన జవాబు రెండో ప్రశ్నలోనే ఉంది.

జనం మరీ దూరం పోలేదు

1950 జనాభా లెక్కల్లో డెట్రాయిట్ నగరంలో 18,49,568 మంది ఉన్నారు. 2020లో 6,39,111 మంది. డెట్రాయిట్ పతనం అని అందరూ చెప్పుకునే కథంతా ఈ రెండు అంకెల మధ్యే నడుస్తుంది. మూడో అంకెను ఎవరూ తలవరు. చుట్టుపక్కల కౌంటీలన్నీ (మన జిల్లాల్లాంటివి) కలిపితే ఈ ప్రాంతం జనాభా 1970లో దాదాపు 45 లక్షలు, 2020లో దాదాపు 44 లక్షలు. యాభై ఏళ్ళలో పెద్దగా కదల్లేదు. అదే మనుషులని నేననడం లేదు. కొందరు దక్షిణాది రాష్ట్రాలకు పోయారు, మాలాంటివాళ్ళం సముద్రాలు దాటి వచ్చాం. కానీ ఇళ్ళు, బడులు, రోడ్లు, నీటి గొట్టాలు అవసరమైన మనుషుల సంఖ్య దాదాపు అంతే ఉంది. ఉన్న ఇళ్ళను, గొట్టాలను అక్కడే వదిలేసి, పొలాల్లో మళ్ళీ కొత్తగా వేసుకున్నాం. మేముండే కాంటన్‌లో 1970లో 11,026 మంది ఉంటే 2020కి 98,659 మంది. అటు ఉత్తరాన, 1990లో 23 వేలు కూడా లేని మేకోంబ్ టౌన్‌షిప్ ఇప్పుడు 90 వేలు దాటింది.

నగరం బీడు పడటం, పొలాలు ఇళ్ళయిపోవడం రెండూ ఒకే పని అని నేనంటాను. ఆ పని చేసినవాళ్ళలో మేమూ ఉన్నాం.

ఫ్యాక్టరీల మాట అబద్ధమా అంటే కాదు. కానీ అవి ముందు ఎటు వెళ్ళాయో చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత పది పన్నెండేళ్ళలో మూడు పెద్ద కార్ల కంపెనీలు ఈ ప్రాంతంలో పాతిక కొత్త ఫ్యాక్టరీలు కట్టాయి. ఒక్కటి కూడా డెట్రాయిట్ నగరం హద్దుల్లో లేదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. పాత ప్యాకార్డ్ కార్ల ప్లాంటులాంటివి అంతస్తుల మీద అంతస్తులుగా కట్టినవి. అసెంబ్లీ లైన్ సాఫీగా నడవాలంటే అంతా ఒకే అంతస్తులో, బారుగా ఉండాలి. దానికి ఎకరాలకెకరాలు కావాలి, అంత నేల పొలాల్లోనే దొరుకుతుంది. ఇంకో రాష్ట్రానికీ ఇంకో దేశానికీ పోవడం తర్వాత సంగతి. మొదట పోయింది పక్కనున్న మొక్కజొన్న చేలోకి.

ఇక్కడి మన తెలుగు విందుల్లో ఈ విషయం వస్తే ఎవరో ఒకరు "అరవై ఏడు అల్లర్ల తర్వాత పాడైపోయింది" అంటారు. నేనూ చాలా ఏళ్ళు అదే నమ్మాను. 1967 జులైలో, నల్లవాళ్ళకూ పోలీసులకూ మధ్య మొదలైన ఆ అల్లర్లలో 43 మంది చనిపోయారు, ఆ గాయం చిన్నది కాదు. కానీ 1960 నాటికే నగరం లక్షా ఎనభై వేల మందిని పోగొట్టుకుంది. అల్లర్లకు ఇంకా ఏడేళ్ళుంది. అంతకు ముందే, 1941లో, ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఒక బిల్డర్ అర మైలు పొడవున గోడ కట్టాడు. నల్లవాళ్ళ పేటకు పక్కనే తెల్లవాళ్ళ కోసం ఇళ్ళు కడుతున్నాడు. ఆ గోడ కట్టాకే ఇళ్ళ అప్పులకు ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది, దాని మీద పిల్లల బొమ్మలు వేశారు. తర్వాత ఫ్రీవేలు వచ్చాయి. బ్లాక్ బాటమ్ అనే నల్లవాళ్ళ పేటను పడగొట్టి, దాని వ్యాపార వీధి హేస్టింగ్స్ స్ట్రీట్ మీదుగానే రోడ్డేశారు. ఊళ్ళోంచి పొలాల్లోకి పోవడానికి దారి ఒకరి ఇళ్ళ మీద నుంచే పడింది.

ఒకే రోడ్డు మీద

నమ్మకం కుదరనివాళ్ళు మిషిగన్ అవెన్యూ మీద ఒకసారి కారు నడపండి. స్టేషన్ ముందు నుంచి వెళ్ళే రోడ్డే మా కాంటన్ దక్షిణపు అంచు మీదుగా ఇప్సిలాంటి దాకా పోతుంది. ముందు డియర్‌బోర్న్ వస్తుంది, ఫోర్డ్ సొంత ఊరు. 1942 నుంచి 1978 దాకా అక్కడ మేయర్‌గా ఉన్న ఆర్విల్ హబ్బర్డ్, నల్లవాళ్ళను ఊళ్ళో ఉండనివ్వననే మాట మీదే గెలుస్తూ వచ్చాడు. అక్కడి ఫోర్డ్ రూజ్ ప్లాంటులో పనిచేసే నల్లజాతి కార్మికులు ఆ ప్లాంటున్న ఊళ్ళో ఇల్లు తీసుకోలేక, ఇంకాస్త ముందుకెళ్ళి ఇంక్‌స్టర్‌లో స్థిరపడ్డారు. ఆ ఇంక్‌స్టర్‌లో డబ్బుల్లేక 2013లో ఊరి బడులన్నిటినీ నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌నే రద్దు చేసేశారు. పిల్లల్ని పక్క ఊళ్ళ బడులకు పంచారు. మా ఇంటి నుంచి అక్కడికి ఇరవై నిమిషాలు. పక్కనే ఒక ఊరి బడులన్నీ లేకుండా పోతే, ఆ ఏడు మా పిల్లల బడిలో కొత్త జిమ్ గురించి మాట్లాడుకున్నాం తప్ప దాని గురించి ఒక్క ముక్క అనుకున్న గుర్తు లేదు.

కాంటన్ దాటాక ఇప్సిలాంటి పక్కన విల్లో రన్. యుద్ధకాలంలో పొలాల మధ్య ఫోర్డ్ కట్టిన బాంబర్ల ఫ్యాక్టరీ. 1944లో గంటకో బి-24 విమానం బయటికి వచ్చేది. తర్వాత జనరల్ మోటార్స్ చేతికి వచ్చి, 2010లో మూతపడింది. చాలా భాగం పడగొట్టేశారు. మొక్కజొన్న తీసి కట్టిన ఫ్యాక్టరీ పోయాక ఆ నేల మళ్ళీ చేను కాలేదు. కాంక్రీటు, నూనెలు, రసాయనాలు ఇంకిన నేల ఒక్కసారి పోతే ఇక అంతే. డెట్రాయిట్ లోపలి ఖాళీ స్థలాల సంగతీ అదే.

బిల్లు మిగిలినవాళ్ళకు

డెట్రాయిట్ విస్తీర్ణం 139 చదరపు మైళ్ళు. దాదాపు పద్దెనిమిదిన్నర లక్షల మంది కోసం వేసిన నీటి గొట్టాలు, మురుగు కాలవలు, వీధి దీపాలు, ఫైర్ స్టేషన్లు. జనం మూడో వంతుకు పడిపోతే గొట్టం పొడవు మూడో వంతు కాదు. వీధిలో ఒక్క ఇల్లు మిగిలినా చలికాలం మంచు తీయాలి, గొట్టం పగిలితే బాగుచేయాలి, చెత్త ఎత్తాలి. ఆ ఖర్చంతా వెళ్ళడానికి డబ్బు చాలక మిగిలిపోయినవాళ్ళ మీద పడింది. పన్ను పెంచితే ఇంకొందరు వెళ్ళిపోతారు. వెళ్ళిపోతే ఉన్నవాళ్ళకు మళ్ళీ పెరుగుతుంది.

నగరం మధ్యలో చిన్న ద్వీపంలా హైలాండ్ పార్క్ ఉంది. 1913లో ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైన్ మొదలుపెట్టింది ఇక్కడే, మరుసటి ఏడాది రోజుకు ఐదు డాలర్ల జీతం ప్రకటించిందీ ఇక్కడే. క్రైస్లర్ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే ఉండేది. అది 1990లలో ఉత్తరాన ఆబర్న్ హిల్స్‌కు వెళ్ళిపోయింది. 2011లో కరెంటు బిల్లు బకాయి కట్టలేక ఆ ఊరు తన వీధి దీపాలను పోగొట్టుకుంది. ఆర్పేయడంతో సరిపెట్టలేదు, వెయ్యికి పైగా స్తంభాలను పీక్కుపోయారు. 2020 లెక్కల్లో అక్కడ 8,977 మంది ఉన్నారు. వాళ్ళ పిల్లలు చీకటి వీధుల్లో బస్ స్టాప్‌కు నడిచేవాళ్ళు.

ఇక్కడ ఎదురయ్యే వాదన నాకు తెలుసు. నగరాన్ని పాలించినవాళ్ళు దోచుకున్నారు కదా, మేయర్ క్వామీ కిల్‌పాట్రిక్‌కు 2013లో జైలు శిక్ష పడింది కదా అంటారు. పడింది, పడాల్సిందే. అవినీతి నగరానికి చేసిన చెడుపును తక్కువ చేసి చెప్పను. కానీ 2013 జులైలో దాదాపు 18 బిలియన్ డాలర్ల అప్పుతో నగరం దివాలా పిటిషన్ వేసేనాటికి అరవై ఏళ్ళుగా జనమూ పన్నూ కారిపోతూనే ఉన్నాయి. అంతకాలం కారిన కుండ గురించి చివర్లో దాన్ని పట్టుకున్నవాడి మీదే నేరమంతా వేస్తే నాకు న్యాయంగా అనిపించదు.

మేం ఇల్లు కొనేటప్పుడు ఆరు నెలలు వెతికాం. కాంటన్, నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్. ప్రతి ఇంటికీ ముందు స్కూలు రేటింగ్ చూశాం. ఆ ఆరు నెలల్లో డెట్రాయిట్ అనే మాట మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు. కాదనుకున్నామని కూడా అనలేను, అసలు తలపుకే రాలేదు. అదెందుకని తర్వాత చదివితే తెలిసింది. 1974లో మిల్లికెన్ వర్సెస్ బ్రాడ్లీ కేసులో సుప్రీం కోర్టు, ఐదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపు, నల్ల, తెల్ల పిల్లలు కలిసి చదవడం కోసం నగరం బడులనూ సబర్బ్ (శివారు ఊళ్ళ) బడులనూ కలిపి పిల్లల్ని పంచమని ఆదేశించడం కుదరదంది. ఆ తీర్పుతో హద్దు దాటితే చాలు బడి మారిపోతుందని అందరికీ ఖాయమైంది. నాకు నలభై ఏళ్ళ ముందే వేసి ఉంచిన దారిలో నేను నడిచాను. నా పిల్లల చదువు కోసం చేసిన పనికి సిగ్గుపడను. కానీ అది నా ఒక్కదాని తెలివైన నిర్ణయమని ఇక అనుకోలేను.

నేను తడబడ్డ చోటు

ఇంతవరకు రాసింది చదివితే మందు సులువుగానే తోస్తుంది. అంతా ఒకే ప్రాంతం కాబట్టి పన్నూ ఖర్చూ కలిపి పంచుకోవాలి. నేనూ ఆ ఊపులోనే ఉన్నాను, నాతో పనిచేసి రిటైరైన ఒకావిడ ఇంటికి వెళ్ళేదాకా. ఆవిడది డెట్రాయిట్ తూర్పు వైపు. డెబ్భై దాటిన నల్లజాతి మహిళ, పుట్టింది బ్లాక్ బాటమ్‌లో. తన ఇంటి పక్కన కూలగొట్టిన ఇంటి స్థలాన్ని ఖాళీ స్థలాలు అమ్మే ల్యాండ్ బ్యాంక్ అనే సంస్థ దగ్గర వంద డాలర్లకు కొని కూరగాయలు పెంచుతోంది. నాన్న చూస్తానంటే తీసుకెళ్ళాను.

ఆయనకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు, మధ్యలో నేను. నాన్న మొదట వంగి మట్టి తీసి నలిపారు. వేళ్ళ మధ్య ఇటుక ముక్క, ఒక గాజు పెంకు వచ్చాయి. ఇంటిని పడగొట్టి ఆ పెళ్ళల్నే పునాది గుంటలో వేసి పైన మట్టి కప్పారని, పాత రంగుల్లోని సీసం కూడా నేలలో ఉంటుందని, అందుకే చెక్క పెట్టెలు కట్టి బయటి మట్టి పోసి పెంచుతున్నానని ఆవిడ చెప్పింది. నాన్న నాతో మెల్లగా అన్నారు: "బీడుని రెండేళ్ళలో సాగులోకి తేవచ్చమ్మా. ఇది బీడు కాదు."

టీ తాగేటప్పుడు నా ప్రాంతం ఆలోచన ఆవిడకు చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టి, "మీరు ప్రాంతం అన్నప్పుడల్లా మా దగ్గర్నుంచి ఏదో ఒకటి పోతుంది" అంది. ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. 2013లో రాష్ట్రం నగరాన్ని నడపడానికి ఎమర్జెన్సీ మేనేజర్ అనే అధికారిని వేసింది, తాము ఓటేసి ఎన్నుకున్నవాళ్ళ చేతుల్లోంచి అధికారం పోయింది. బెల్ ఐల్ పార్కు లీజు మీద రాష్ట్రం చేతికి పోయింది. తరాలుగా నగరం కట్టుకున్న నీటి వ్యవస్థ ప్రాంతీయ సంస్థకు లీజుకు పోయింది. 2014లో బిల్లు కట్టలేదని వేల ఇళ్ళకు నీళ్ళు ఆపేశారు. "డబ్బున్నప్పుడు మీ దారి మీది, మా దగ్గర పనికొచ్చేది కనబడితే అందరం ఒకటి."

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. కలిపి పంచుకోవడం అంటే ఎవరి ఓటు ఎంత, ఎవరి మాట చెల్లుతుంది అనేది ముందు తేలాలి. అది తేల్చకుండా 'మనందరం ఒకటే' అంటే, ఆవిడ అన్నట్టు ఇంకో లీజు కాగితమే అవుతుంది.

చేను వైపు నుంచి

పొలాల వైపూ ఇలాంటి చిక్కే ఉంది. మాకు పడమట దారిపక్కన తాజా మొక్కజొన్న పొత్తులు అమ్మే ఒక రైతు ఉన్నాడు. చుట్టూ మూడు వైపులా సబ్‌డివిజన్లు వచ్చేశాయి. ట్రాక్టర్ రోడ్డెక్కితే వెనక కార్లు హారన్ కొడతాయట. పనిముట్లు బాగుచేసే దుకాణం నలభై మైళ్ళు అవతలికి పోయింది. పక్క చేలలో ఇళ్ళు కట్టేటప్పుడు భూమిలోపలి డ్రెయిన్ గొట్టాలు తెగితే నీళ్ళన్నీ ఇతని చేలో నిలబడ్డాయి. చుట్టూ రైతులు లేకుండా ఒక్కడు రైతుగా ఉండలేడని అప్పుడే నాకు అర్థమైంది. బీడుపడ్డ వీధిలో ఒక్క ఇల్లు మిగిలినట్టే ఇక్కడ ఒక్క చేను మిగిలింది.

పొలం ఇళ్ళకు అమ్మకుండా ఉంచుతానని ఒప్పందం రాసిస్తే పన్నులో రాయితీ ఇచ్చే చట్టం మిషిగన్‌లో 1974 నుంచి ఉంది. దాని గురించి అడిగితే అతను నవ్వలేదు, కోప్పడలేదు. "నాకు పెన్షన్ లేదు. ఈ నేలే నా పెన్షన్" అన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పిల్లలు వ్యవసాయం చేయరు. ఇంకొకరి చేలో కట్టిన ఇంట్లో కూర్చుని, నీ చేను అమ్మొద్దు అని ఆయనకు నేనెలా చెప్పను?

ఇక్కడితో ఇది ఆగేలా కూడా లేదు. మాతోపాటు కాంటన్‌లో ఇళ్ళు కొన్నవాళ్ళు ఇద్దరు ఇప్పుడు ఇంకా అవతలికి, లయన్ టౌన్‌షిప్‌కి వెళ్ళారు. ఇల్లు పెద్దది, బడి కొత్తది. 1954లో సౌత్‌ఫీల్డ్‌లో తెరిచిన నార్త్‌ల్యాండ్ మాల్ డెట్రాయిట్ డౌన్‌టౌన్ కొట్లను ఖాళీ చేయించింది. 2015లో అదే మూతపడింది. డౌన్‌టౌన్‌లోని హడ్సన్స్ దుకాణం 1983లోనే మూసేసి, 1998లో కూల్చేశారు. కె-మార్ట్ దుకాణాల కంపెనీ 1972లో డెట్రాయిట్ వదిలి ట్రాయ్‌లో పెద్ద ప్రధాన కార్యాలయం కట్టుకుంది. అదీ ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండి ఇటీవలే నేలమట్టమైంది. సబర్బులకూ వయసు వస్తోంది. మా వీధి కింద గొట్టాలు వేసి ముప్ఫై ఏళ్ళు. అవి మార్చాల్సిన రోజుకు ఈ వీధిలో బిల్లు కట్టడానికి ఎవరుంటారు?

కుదురుతుందా అంటే

మిన్నెసోటాలో మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ చుట్టూ ఉన్న ఊళ్ళకు 1971లో ఒక చట్టం చేశారు. ఏ ఊళ్ళో కొత్త వ్యాపారం, కొత్త ఫ్యాక్టరీ వచ్చినా, అలా పెరిగిన పన్ను ఆధారంలో (పన్ను వేసే ఆస్తుల విలువలో) 40 శాతం అందరి మూటలోకి వెళ్తుంది. మిగతాది ఆ ఊరిదే. ఏ ఊరి కౌన్సిల్ ఆ ఊరిదే, ఎవరి పార్కునూ ఎవరూ తీసుకోరు. డెట్రాయిట్‌లో ఆవిడకు ఉన్న భయానికి నాకు కనిపించిన దగ్గరి జవాబు ఇదే. పంచుకునేది పెరిగిన డబ్బులో వాటాను, అధికారాన్ని కాదు. ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. "ఇది వినొచ్చు" అంది. అంతకు మించి అనలేదు, అది కూడా నాకు ఎక్కువే.

మా దగ్గర అసలు ఎప్పుడూ కుదరలేదని కూడా కాదు. 2012లో వేన్, ఓక్లాండ్, మేకోంబ్ మూడు కౌంటీల ఓటర్లు డెట్రాయిట్ ఆర్ట్ మ్యూజియం కోసం తమ ఇంటి పన్ను పెంచుకోవడానికి ఒప్పుకున్నారు. 2016లో బస్సుల కోసం అడిగితే అతి కొద్ది తేడాతో వద్దన్నారు. మ్యూజియానికి ఇచ్చి బస్సుకు ఇవ్వకపోవడం నన్ను బాధపెట్టింది. కారు లేని మనిషి డెట్రాయిట్ నుంచి మా వైపు గిడ్డంగుల్లో పనికి రావాలంటే రెండు మూడు బస్సులు మారాలి, మారినా కొన్ని ఊళ్ళలో బస్సు హద్దు దగ్గరే ఆగిపోయేది, ఎందుకంటే ఆ ఊళ్ళు బస్సూ దాని పన్నూ మాకొద్దని తప్పుకున్నాయి. నోవై కూడా అలా తప్పుకున్న ఊరే. 2022 నవంబరులో ఓక్లాండ్ కౌంటీ మొత్తం ఓటేసి, ఆ తప్పుకోవడాన్ని ఎత్తేసింది. మన తెలుగువాళ్ళు అంతమంది ఉన్న నోవైకి ఇప్పుడు బస్సు వస్తోంది. డెట్రాయిట్ జనాభా కూడా 1957 తర్వాత మొదటిసారి 2023లో కాస్త పెరిగిందని సెన్సస్ అంచనా వేసింది.

పొత్తులమ్మే రైతు చేను పక్కన ఇంకో నలభై ఎకరాలు ఇళ్ళకు మార్చాలని దరఖాస్తు వచ్చింది. టౌన్‌షిప్ ప్లానింగ్ కమిషన్‌లో వచ్చే నెల బహిరంగ విచారణ. మాట్లాడేవాళ్ళకు మనిషికి మూడు నిమిషాలిస్తారు. నేను ఆ టౌన్‌షిప్ మనిషిని కాదు, అయినా మాట్లాడొచ్చా అని ఫోన్ చేసి అడిగాను. పేరు రాసుకున్నారు. ఆ చేను వద్దనాలా, అమ్ముకునే మనిషికి నష్టం లేకుండా ఏదైనా అడగాలా అని మూడు రోజులుగా కాగితం మీద రాసి కొట్టేస్తున్నాను. నిన్న రాత్రి నాన్నతో ఫోన్లో మాట్లాడుతూ ఇదంతా చెప్పాను. "ముందు ఆ రైతునడుగమ్మా, ఆయన కూడా వస్తాడేమో" అన్నారు. శనివారం పొత్తులు కొనడానికి వెళ్ళినప్పుడు అడుగుతాను.